చంద్రకళలు - కాయకము

అమావాస్య నుండి అమావాస్యకు సుమారు 29½ దినములు. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు ఎడమగుటకు పట్టు కాలమే ఒక తిథి. ఇది కాలగణనము మాత్రమే. తిథివారములను చూచి మంచిచెడ్డ లెన్నుటను 12వ శతాబ్దమున బసవేశ్వరుడు తన వచనములందు నిరాకరించెను. అయినను అమావాస్యనాడు విత్తు వేయుటకు జంకువారు లింగధారులలో సైతము గలరు.

జ్యేష్ఠ పౌర్ణమినాడు తెలుగునాట ఏరువాక, ఉత్తర కర్ణాటకమున కారహుణ్ణిమె జరుపుదురు. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి అలంకరింతురు. అది కృషికాయకమునకు చేయు గౌరవము. దానిని విడువ నక్కరలేదు. కాని చాంద్ర సంవత్సరము సౌర సంవత్సరముకంటె సుమారు 11 దినములు తక్కువ. అధికమాసము వచ్చి సరిచేయువరకు ఆ పౌర్ణమి ఏటేట ముందునకు జరుగుచుండును. వాన దాని ననుసరింపదు. కనుకనే తెలుగు రైతులు విత్తుటకు కార్తెలను చూతురు. సూర్యగతిని బట్టి యేర్పడిన మృగశిర కార్తె సాధారణముగా జూన్ 7 లేక 8వ తేదీన ప్రవేశించును. పెరటిలో బీర, చిక్కుడు పెట్టు ఇల్లాలు సయితము చూడవలసినది నేల పదునునే.

చంద్రుని వలన వేరొక ప్రయోజనము గలదు. వర్తకుడు చిట్టా చూచుకొనునట్లు పున్నమి వెన్నెలలో ఇంటిల్లిపాదియు కూర్చుండి, కాయకమున వచ్చిన దెంత, దాసోహమునకు పోయిన దెంత యని విచారింపవచ్చును. పిదప కృష్ణపక్షమున ఒక్కదానిని విడుచుటకు యత్నింపవలెను: పరుషవాక్కో, పాలేరు కూలి నిలిపియుంచు అలవాటో. ఈ రెండవది విడుచుట మరింత కష్టము. కూలి బాకీ యున్నచో అమావాస్య వరకు ఆగవలదు. ఆ రాత్రియే పిలిచి ఈయవలెను.