ప్లగ్గు లేని ఇంజను

చి. అమ్ములుకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు ట్రాక్టరు బానెట్టు ఎత్తించి, "నాన్న బండికి ప్లగ్గు ఉంది కదా తాతయ్యా, దీనికేదీ?" అన్నావు. దీనికి ఉండదమ్మా. డీజిల్ ఇంజను గుట్టంతా అక్కడే ఉంది.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా తగులుతుంది. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది మరి. ఇంజనులో పిస్టను ముందు కిందికి దిగుతూ ఒట్టి గాలినే లోపలికి లాక్కుంటుంది. వాల్వులు మూసుకున్నాక పైకి లేచి, ఆ గాలిని 16వ వంతుకో 18వ వంతుకో కుదిస్తుంది. అప్పుడు దాని వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. సరిగ్గా ఆ అదనులో ఇంజెక్టరు వెంట్రుకలాంటి రంధ్రాల్లోంచి డీజిల్‌ను జల్లులా చిమ్ముతుంది. అగ్గిపుల్ల గీసేవాళ్లెవరూ, నిప్పురవ్వ చిమ్మే ప్లగ్గూ లేకుండానే భగ్గుమంటుంది. ఆ మంట పిస్టన్‌ను కిందికి తోస్తుంది, పిస్టను క్రాంకును తిప్పుతుంది. మళ్లీ పైకి వస్తూ పొగను బయటికి గెంటేస్తుంది.

జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో దీన్ని నడిపి చూపించాడు. ఆవిరి ఇంజన్లు బొగ్గు వేడిలో చాలాభాగాన్ని వృథా చేస్తున్నాయని ఆయన బాధ. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. మన అనంతపురం చేలల్లో పండే వేరుశనగే!

నా చిన్నప్పుడు మా బావి దగ్గర ఆయిలింజను ఉండేది. హ్యాండిలు పట్టి తిప్పాలి. ముందు పైనున్న లివరు ఎత్తి వాల్వు తెరిచి ఉంచేవాళ్లం. లోపల గాలి కుదించుకోదు కాబట్టి బరువైన చక్రం తేలిగ్గా తిరిగేది. వేగం అందుకోగానే లివరు వదిలితే డబ్ డబ్ మంటూ లేచేది. ఒకరోజు ట్యాంకు పూర్తిగా ఎండిపోయేదాకా చూసుకోలేదు. డీజిల్ పోశాం, చేతులు పడిపోయేలా తిప్పాం, ఉలకలేదు, పలకలేదు. పైపులో గాలి చేరిందట. డీజిల్ దాదాపు కుదించుకోదు, గాలి మాత్రం ఎంత ఒత్తితే అంత తగ్గిపోతుంది. డీజిల్ పంపు ఒత్తిడినంతా ఆ గాలే మింగేస్తే ఇంజెక్టరు ఎలా తెరుచుకుంటుంది? నట్టు వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధార కట్టేదాకా పంపు కొట్టి బిగించాకే నడిచింది. సిలిండరులో నిప్పు పుట్టించే గాలే పైపులో దూరితే ఇంజన్‌ను ఆపేస్తుందని ఆ రోజు తెలిసి ఆశ్చర్యపోయాను.

దారిలో ఏ లారీ అయినా నల్లటి పొగ వదులుతుంటే అది సరిగా కాలని డీజిల్ అనుకో. గాలి ఫిల్టరు మూసుకుపోయిందేమో, ఇంజెక్టరు కొసనుండే నాజిలు అరిగి జల్లు బదులు చుక్కలు పడుతున్నాయేమో. ఆ మసి ఊపిరితిత్తులకు చేటు. బాగుచేయించకుండా తిప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

దసరాకు వస్తావుగా, మెకానిక్కును పిలిచి నాజిలు విప్పిస్తాను. అది చిమ్మేటప్పుడు మాత్రం వేలు అడ్డం పెట్టకూడదు, ఆ జల్లు చర్మంలోకి దిగిపోతుంది. తుడిచి నీ చేతికిస్తాను, రంధ్రాలెన్నో లెక్కపెడుదువుగాని. భూతద్దం తెచ్చుకో.

మీ తాతయ్య