తేదీ రాయని సంతకం

ఈ వేసవి నుంచి నా బల్ల మీదికి చేరిన కార్ల ఫైళ్లు ఐదు. రెండు నంద్యాలవి, రెండు ఆళ్లగడ్డవి, ఒకటి చాగలమర్రిది. మనుషులు వేరు, కార్లు వేరు, గొడవలూ వేరు. లోపలి కాగితం మాత్రం ఒకటే. కింద సంతకం ఉంటుంది, తేదీ ఉండదు. కొనేవాడి పేరు రాయాల్సిన చోటు తెల్లగా ఉంటుంది. మన బ్రోకర్లు దాన్ని ‘టీటీఓ సెట్టు’ అంటారు. అంటే 29, 30 నంబరు ఫారాలు, రెండేసి కాపీలు. నేనైతే దాన్ని ఉరితాడు అంటాను. క్లయింట్లు నవ్వి, సంతకం పెట్టి ఇచ్చేస్తారు.

అన్నిటికంటే తాజా కేసు ఆళ్లగడ్డ పక్క పల్లె మనిషిది. పత్తి విత్తనాల వ్యాపారం, కేసీ కాలువ కింద కొంత పొలం. చేతిలో పదిహేను లక్షలు ఆడుతున్నాయి, కొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో ఉన్న ఏపీ 21 నంబరు చిన్న సెడాన్‌లో పెండ్లి మాటలకు పోతే బాగుండదని అందరూ అన్నారట. ఆ డబ్బుకు కొత్త హోండా సిటీయో, వెర్నానో, స్లావియానో వస్తుంది. అదే డబ్బుకు బెంగళూరు నంబరున్న తొమ్మిదేళ్ల జర్మన్ కారు, డీజిల్‌ది, తోలు సీట్లది, ఇంకో రెండు లక్షలు మిగిలేలా వస్తుంది. రెండోదే కొన్నాడు. కొనకముందు నన్ను అడిగాడా అంటే, లేదు. కొనకముందు అడగడానికి వచ్చిన మనిషి నా ప్రాక్టీసులో ఇంతవరకూ తగల్లేదు.

‘‘కాగితాలన్నీ ఉండాయి సార్,’’ అని ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టినాడు. నిజమే, అన్నీ ఉన్నాయి. ఆర్సీ బెంగళూరు డాక్టరు పేరు మీద. ఇన్సూరెన్సూ ఆ డాక్టరు పేరు మీదే. డాక్టరు నుంచి ఒక దళారీ, అతని నుంచి ఇంకొకడు, అతని నుంచి మనవాడు. ఆ మధ్య ఇద్దరి పేర్లు ఏ కాగితం మీదా లేవు. మనవాడి పేరు కూడా లేదు. కవరు అడుగున టీటీఓ సెట్టు, డాక్టరు గారి సంతకంతో, తేదీ లేకుండా.

పదకొండు నెలలు అట్లాగే తిరిగాడు. ఎందుకు మార్చుకోలేదయ్యా అంటే, ‘‘పన్నెండు నెలలు టైముంది కదా సార్’’ అన్నాడు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ నంద్యాల నుంచి ప్రొద్దుటూరు దాకా అందరి నోటా ఉంది. మోటారు వాహనాల చట్టంలో పన్నెండు నెలల మాట ఉన్నది 47వ సెక్షన్‌లో. మీ సొంత బండితో పక్క రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోతే, ఆ గడువు దాటాక ఇక్కడి నంబరు తీసుకోవాలి. బదిలీ అయి వచ్చిన బ్యాంకు ఉద్యోగికి పనికొచ్చే సెక్షన్ అది. కొనుక్కున్నవాడికి వర్తించేది 50వ సెక్షన్. కొన్న ముప్పై రోజుల్లో మీరుండే చోటి రవాణా అధికారికి తెలపాలి. ముప్పై రోజులు, పన్నెండు నెలలు కాదు.

అసలు కారణం వేరు. ఎన్‌ఓసీ (బెంగళూరు ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చి ఇక్కడ పేరు మార్చుకుంటే మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. కారు వయసును బట్టి శాతం తగ్గుతుంది కానీ, లెక్క కట్టేది మీరు కొన్న ధర మీద కాదు, ఆ కారు కొత్తగా షోరూము నుంచి దిగిన నాటి బిల్లు మీద. యాభై లక్షల కారును పదమూడుకు కొన్నానని మురిసినవాడికి ఆ సంగతి ఆఫీసు కౌంటరు దగ్గర తెలుస్తుంది. తెలిసి నోరు మూసుకుని ఇంటికొస్తాడు. బెంగళూరులో కట్టిన పన్నులో కొంత వాపసు అడిగే దారి ఉంది, కానీ దానికి మళ్లీ ఆ ఊరి ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆర్సీ గడువు కూడా మొదటి రిజిస్ట్రేషన్ నుంచి పదిహేనేళ్లు, మీరు కొన్న రోజు నుంచి కాదు.

కథలో మొదటి దెబ్బ అహోబిలం రోడ్డులో తగిలింది. స్పీడు బ్రేకరు ఎత్తు, జర్మన్ కారు పొట్ట తక్కువ. కింద ఆయిల్ సంపు పగిలింది. ఆళ్లగడ్డలో రాతిని చెక్కి దేవుణ్ణి నిలబెట్టే చేతులున్నాయి గానీ ఈ కారు పొట్ట విప్పే చేతులు లేవు. నంద్యాలలోనూ లేవు. లారీ మీదికెక్కించి హైదరాబాదు పంపాడు. ఎస్టిమేటు నాలుగు లక్షల చిల్లర. ఇన్సూరెన్సు వాళ్లు రెండు వరుసల ఉత్తరంతో తిప్పి పంపారు. పాలసీదారుడు కారు అమ్ముకున్నాడు, కొన్నవాడితో మాకు ఒప్పందం లేదు, అంతే.

‘‘ఇన్సూరెన్సు బండికి కదా సార్, మనిషికా?’’ అని అడిగాడు. ఈ ప్రశ్నకు సగం జవాబు అవును, సగం కాదు. 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మితే ఇన్సూరెన్సు కొన్నవాడికి మారినట్టే లెక్క. అయితే అది రోడ్డు మీద ఎదుటివాడికి జరిగే నష్టం వరకే. మీ సొంత కారు డ్యామేజీకి ఆ సౌకర్యం లేదని కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు తొంభైలలోనే తేల్చేసింది. పాలసీ మీ పేరు మీదికి రావాలంటే కొన్న పద్నాలుగు రోజుల్లో మీరే కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి. ఇంకొకటి ఎవరూ ఆలోచించరు. యజమాని తానే నడుపుతూ పోతే ఇంటివాళ్లకు వచ్చే పదిహేను లక్షల ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న యజమానికి రాసింది. ఆ రోజు మనిషికి ఏమన్నా అయ్యుంటే పెండ్లానికి, పిల్లోడికి ఏమీ వచ్చేది కాదు.

నాలుగు లక్షలు పోతే పోయాయి అనుకుందాం. ఫైలు ఇంతటితో ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

నెల తిరక్కుండా ఆయనకు కడప జిల్లా నుంచి సమన్లు వచ్చాయి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. మోటారు సైకిలు మీద పోతున్న మనిషిని కారు గుద్దింది, మనిషి చనిపోయాడు. ఏ కారు? మన ఏపీ 21 చిన్న సెడాన్! జర్మన్ కారు కొన్న వారంలోనే దాన్ని నంద్యాలలో ఒక బ్రోకరుకు ఇచ్చేశాడు. ఎట్లా ఇచ్చాడో చెప్పాలా? టీటీఓ సెట్టు మీద సంతకాలు, తేదీ లేకుండా. బ్రోకరు ఎవరికో అమ్మాడు, అతను ఇంకెవరికో. ఇన్సూరెన్సు మధ్యలో ముగిసిపోయింది. ఎవరూ కట్టలేదు.

‘‘ఆ బండి నాది కాదు సార్. అమ్మేసినా. డబ్బులు తీసుకున్న తేదీ కూడా డైరీలో ఉండాది.’’

డైరీ చూపించాడు. దాని పక్కనే నేను చట్టం 2(30) తెరిచాను. యజమాని అంటే ఎవరి పేరు మీద బండి రిజిస్టరై ఉందో ఆ మనిషి. డబ్బు తీసుకున్నవాడు, తాళం ఇచ్చినవాడు, డైరీలో రాసుకున్నవాడు అని అక్కడ లేదు. దీని మీద 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్. అందులో కారు 2007లో మొదటిసారి అమ్ముడుపోయింది. తర్వాత చేతులు మారుతూ పోయింది. 2009 మేలో ప్రమాదం. ఆర్సీలో మాత్రం మొదటి మనిషి పేరే ఉంది. హైకోర్టు అతణ్ణి వదిలేసి తర్వాత కొన్నవాడిని పట్టుకుంది. సుప్రీంకోర్టు తిరగేసింది. చచ్చినవాడి తరఫువాళ్లు బండి ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు, ఆర్సీలో పేరున్నవాడే కట్టాలి అంది.

నిజానికి ఆ తీర్పు న్యాయమైనదే. అవతల కూర్చున్న విధవరాలిని చూస్తే నేనూ అదే అంటాను. కానీ నా క్లయింటు ఇవతల కూర్చున్నాడు. ట్రిబ్యునల్ తీర్పు వచ్చాక డబ్బు కట్టకపోతే 174వ సెక్షన్ కింద కలెక్టరుకు సర్టిఫికెట్ పోతుంది, భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేస్తారు. కేసీ కాలువ కింద పొలం ఉందని మొదట్లో చెప్పాను కదా.

కాబట్టి మళ్లీ చెబుతున్నా. తేదీ లేని 29 మీద సంతకం పెట్టొద్దు. కొనేవాడి పేరు లేని 30 మీద పెట్టొద్దు. బావమరిది అయినా, పక్క పొలం వాడయినా పెట్టొద్దు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఇకపై బండికి సంబంధించిన సకల బాధ్యతలు కొన్నవారివే’ అని రాయించుకున్నాం కదా అంటారు. ఆ పేపరు కొన్నవాడి మీద తర్వాత దావా వేసుకోడానికి పనికొస్తుంది. ట్రిబ్యునల్లో మిమ్మల్ని కాపాడదు. అమ్మిన పద్నాలుగు రోజుల్లో బండి అమ్మినట్టు రవాణా శాఖకు తెలపాల్సింది మీరే. ఆ పని చేసి ఊరుకోకుండా, ఎంపరివాహన్‌లో మీ బండి నంబరు కొట్టి, పేరు మారిందో లేదో వారానికోసారి చూసుకోండి. పాలు పొంగుతున్నాయా అని చూసినంత సేపు చాలు.

బ్రోకరుకే ఇవ్వాలంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనల్లో 55ఏ మొదలుకొని కొత్త రూల్స్ వచ్చాయి. పాత బండ్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. అలాంటి డీలరుకు బండి అప్పగించేటప్పుడు 29సీ ఫారం ఆన్‌లైన్లో పోతే, బండి అతని చేతిలో ఉన్నంత కాలం యజమాని బాధ్యత అతనిదే. మన క్లయింటుకు ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఆఫీసు గోడ మీద హెల్మెట్ పోస్టరు ఉంది, దీని గురించి అక్షరం లేదు. కౌంటరులో అడిగితే ‘ఆన్‌లైన్లో చూసుకోండి’ అంటారు. ఆన్‌లైన్లో జర్మన్ కారు సంగతి చూస్తే ఓటీపీ బెంగళూరు డాక్టరు ఫోనుకు పోతుంది. ఆ ఫోను ఇప్పుడు ఎవరూ ఎత్తరు.

ఇక అందరూ అడిగేది: కొత్త మామూలు సెడానా, పాత లగ్జరీ సెడానా? నేను మెకానిక్‌ను కాను. తగాదా వస్తే ఏ వైపు నిలబడటానికి చోటుందో మాత్రం చెప్పగలను. కొత్త కారుకు బిల్లు ఉంది, వారంటీ ఉంది, ఆర్సీ మొదటి రోజు నుంచి మీ పేరు మీదే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ముందే కట్టించుకుంటున్నారు. పన్ను కూడా తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు మించని చిన్న పెట్రోలు సెడాన్ల మీద జీఎస్టీ సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 అయింది. సిటీ, వెర్నా లాంటి పొడుగు వాటికి 45 ఉన్నది 40. లోపముంటే వినియోగదారుల కమిషన్ ఉంది. పది నుంచి ఇరవై లక్షల కారుకు ఫీజు 400 రూపాయలు. అలాగని కొత్త కారు మార్చి ఇస్తారని ఆశపడొద్దు. చెడిన భాగం మార్చితే చాలని సుప్రీంకోర్టు మారుతి వర్సెస్ గబ్‌గోత్రా కేసులో 2006లోనే చెప్పింది.

పాత కారును ఒక డాక్టరు నుంచో కాంట్రాక్టరు నుంచో నేరుగా కొంటే ఆ కమిషన్ తలుపు కూడా లేదు. అమ్మినవాడు వ్యాపారి కాడు. మీటరు వెనక్కి తిప్పారని తెలిస్తే మోసం కేసు పెట్టొచ్చు, భారతీయ న్యాయ సంహిత 318 ఉంది. కానీ మూడు చేతులు మారిన కారుకు మీటరు తిప్పిన చెయ్యి ఏదో ఎవరు రుజువు చేస్తారు? ఢిల్లీ నంబరు డీజిల్ కార్లు ఎందుకంత చవకయ్యాయో కూడా ఆలోచించండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదన్న ఉత్తర్వును 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 దాకా ఆ గడువు దగ్గర పడ్డవి మన వైపు దిగేవి.

లగ్జరీ బ్రాండు పెద్ద బ్రాండు, న్యాయం జరుగుతుందిలే అనేవాళ్లకు హైదరాబాదు కేసు ఒకటి. జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అనే కంపెనీ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కొన్నది, కొత్తది. నాలుగు రోజులకే లోపం కనిపించింది. పోలీసు కేసు అయింది, హైకోర్టు దాకా పోయింది. కొత్త కారు ఇస్తామన్నారు, వాళ్లు వద్దన్నారు. చివరికి 2024 జులై 10న సుప్రీంకోర్టు యాభై లక్షలు ఇమ్మని ముగించింది. కొత్త కారుకు, లాయర్లను పెట్టుకోగలిగిన కంపెనీకి పదిహేనేళ్లు. నా జూనియరుకు లగ్జరీ కారు పిచ్చి. ఈ కేసు చెప్పినా ‘‘సార్, ఆ బండి ఎక్కితే తెలుస్తుంది’’ అంటాడు.

ఎక్కండి, కాదనను. ఎక్కే ముందు ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు రికార్డు అడగండి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అది తీయించాకే మాట్లాడండి. పాత చలానాలు చూడండి. ఎన్‌ఓసీ చేతిలో పడ్డాకే బయానా దాటి ఇవ్వండి, మీ పేరు మీద ఆర్సీ వచ్చేదాకా రెండు లక్షలన్నా పట్టి ఉంచండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ కారు మీకు కాదు. అన్నిటికంటే ముందు, ఆర్సీలో పేరున్న మనిషిని కళ్లతో చూడండి. మనవాడు ఆ డాక్టరు ముఖం ఎన్నడూ చూడలేదు.

పోయిన వారం ఆయన ఆళ్లగడ్డ నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చాడు. జర్మన్ కారు హైదరాబాదు షెడ్డులోనే ఉంది. తాడిపత్రి నుంచి ఒకాయన ఉన్నదున్నట్టుగా కొంటానన్నాడట, మొత్తం నగదు. ‘‘పేరు మార్పు ఆర్నెల్లాగి చూసుకుంటాడంట సార్. టీటీఓ సెట్టు ఉండాది కదా, అదే ఇచ్చేస్తే సరిపోతాది అంటున్నాడు.’’

ప్లాస్టిక్ కవరు ఆయన చేతిలో నుంచి తీసుకుని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. కొనే ఆయన్ను ఆధార్ కార్డుతో సహా నా ఆఫీసుకు తీసుకురమ్మన్నాను. ఇంతవరకూ రాలేదు.