ఊరి పని తొలి కొలువు కావాలంటే

సందేహం: మా ఊరి ప్రాథమిక పాఠశాల గోడలకు బొమ్మలు వేయమని హెడ్మాస్టరు గారు అడిగారు. డబ్బు మాట ఎత్తలేదు. "నీకూ పేరొస్తుంది కదమ్మా" అన్నారు. నేను బీఎఫ్‌ఏ పెయింటింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒప్పుకోవచ్చా?
- ఒక విద్యార్థిని, విజయనగరం జిల్లా

సమాధానం: తప్పకుండా ఒప్పుకోండి, అయితే ఉచితంగా మాత్రం వద్దు. బడి దగ్గర నిధులు లేకపోతే పంచాయతీనో, పూర్వ విద్యార్థులనో, ఊళ్లో రైసుమిల్లు యజమానినో కలుపుకోమని హెడ్మాస్టరు గారినే అడగండి. ప్రైమరు, రంగులు, బ్రష్షులు, పరంజా అద్దె, మీ రోజు కూలి విడివిడిగా రాసి ఎస్టిమేటు ఇవ్వండి. ఇళ్లకు రంగులు వేసే మేస్త్రి మీ వైపు రోజుకు ఎంత తీసుకుంటున్నాడో కనుక్కుని, అంతకు తగ్గకండి. సగం అడ్వాన్సు తీసుకున్నాకే రంగు డబ్బా మూత తీయండి.

ఇక ఏం వేయాలి? పూలు, సీతాకోకచిలుకలు, నాయకుల బొమ్మలు ఇప్పటికే ప్రతి బడిలోనూ ఉన్నాయి. యునిసెఫ్ సాయంతో విన్యాస్ సంస్థ రూపొందించిన 'బాలా' పద్ధతి గురించి చదవండి. బడి కట్టడాన్నే పాఠంగా మార్చడం దాని ఉద్దేశం. తలుపు తిరిగే మేర నేల మీద కోణమానిని గీస్తారు. తలుపు తీస్తున్నప్పుడే 30, 60, 90 డిగ్రీలు ఎంతెంతో పిల్లవాడి కంటికి తెలిసిపోతాయి. మీరు కూడా రెండు మూడు రోజులు ఒకటో తరగతిలో వెనక కూర్చుని, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో టీచర్లతో మాట్లాడి తెలుసుకోండి. "తీసివేతలు రావడం లేదన్నారు, అందుకే మెట్లను సంఖ్యారేఖ చేశాను" అని రేపు ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, పిల్లల పుస్తకాలు వేసేవారైనా, డిజైన్ స్టూడియో వారైనా ఆగి వింటారు. గోడ ముందెలా ఉంది, మధ్యలో ఏం మార్చారు, పిల్లలు దాన్ని ఎలా వాడుతున్నారు అన్నది ఫొటోలతో సహా భద్రపరచండి.

ఒప్పందం ఒక పేజీ చాలు, కానీ ఉండి తీరాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారులు. అందుకే పోర్ట్‌ఫోలియోలోనూ ప్రదర్శనల్లోనూ ఆ బొమ్మలు వాడుకునే హక్కు మీకుంటుందని రాయించుకోండి. ఆ చిత్రం మీదేనని చెప్పుకునే హక్కును మాత్రం అదే చట్టంలోని 57వ సెక్షన్ మీకే ఉంచింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం తొలగించి గోదాములో పడేసింది. ఆయన ఈ సెక్షన్ ఆధారంగానే పోరాడి 2005లో హైకోర్టులో గెలిచారు.

సందేహం: చేర్యాల బొమ్మలతో నోటు పుస్తకాలు, సంచులు చేసి అమ్మాలని ముగ్గురు స్నేహితులం అనుకుంటున్నాం. నకాషీ కళాకారులతో ఎలా కలవాలి?
- డిజైన్ విద్యార్థులు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ పటం ఎవరి కోసం పుట్టిందో తెలుసుకోండి. కూనపులివారు పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం చెబుతూ, కాకిపడగలవారు ముదిరాజుల ముందు పాండవుల కథ చెబుతూ, చుట్ట విప్పి చూపించే పటాలవి. కథకులు అడిగినట్టు నకాషీలు గీసేవారు. ఏ గడి తర్వాత ఏ గడి రావాలో కథే చెప్పేది. గీసేవారు, చెప్పేవారు, పోషించే కులం కలిసి బతికించిన కళ అది. మీరు అడుగు పెడుతున్నది అలాంటి బంధంలోకి.

కాబట్టి ఫొటోలు తీసుకుని తిరిగొచ్చే ప్రయాణం పెట్టుకోవద్దు. చేర్యాలలో కొన్నాళ్లుండి, నేర్పినవారికి రుసుము ఇచ్చి నేర్చుకోండి. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూయడం దగ్గరుండి చూస్తే, ధర ఎందుకంత ఉంటుందో బేరమాడేవాళ్లకు మీరే చెప్పగలుగుతారు. నకాషీ కుటుంబాలకు గీయడం మీరు నేర్పక్కర్లేదు. వాళ్లకు కొరవడినవి పటం నలగకుండా పంపే పెట్టె, మంచి ఫొటోలతో కేటలాగు, బొమ్మలోని కథను చెప్పే చిన్న కార్డు. ఈ మూడూ మీ చదువుకు సరిపోయే పనులే. అమ్మిన ప్రతి వస్తువు మీద కళాకారుడి పేరు ఉండాలి. ఆయన వాటా ఎంతో ముందే కాగితం మీద రాసుకోవాలి.

చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. కంప్యూటర్‌లో ఆ శైలిని అనుకరించి, ప్రింటు తీసి, 'చేర్యాల' పేరుతో అమ్మితే అది చట్టవిరుద్ధం. అంతకుమించి, ఇంకా ఆ పనినే నమ్ముకున్న కొద్ది కుటుంబాల కడుపు కొట్టడం.

సందేహం: మా అమ్మాయి అప్లైడ్ ఆర్ట్ చదువుతోంది. ఉద్యోగం వస్తుందా?
- ఒక తండ్రి, కరీంనగర్

సమాధానం: పట్టా ఒక్కటే ఉంటే కష్టం. చదువు పూర్తయ్యేలోగా నిజమైన మనుషులకు, చెప్పిన గడువులోగా, డబ్బు తీసుకుని చేసిన పనులు రెండైనా చేతిలో ఉండాలి. మీ ఊళ్లో డ్వాక్రా సంఘం పచ్చళ్లకు లేబులు కావచ్చు, గ్రంథాలయానికి బోర్డులు కావచ్చు. అలాంటి పని దొరికినప్పుడు సెలవుల్లో అమ్మాయిని ఇంటికి రమ్మని తొందరపెట్టకండి.

సందేహం: మా ఫైన్ ఆర్ట్స్ విభాగం తరఫున ఇలాంటి ప్రాజెక్టులు ఏటా నడపాలని ఉంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?
- ఒక అధ్యాపకుడు, గుంటూరు

సమాధానం: కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కిందికి వచ్చే సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్‌ఆర్) ఖర్చుపెట్టాలి. సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి కూడా ఆ జాబితాలో ఉంది. కంపెనీ తానే నేరుగా చేపట్టకపోతే, ఆ డబ్బు సీఎస్‌ఆర్-1 నమోదు ఉన్న సంస్థ ద్వారానే ఖర్చు కావాలి. మీ విశ్వవిద్యాలయానికి ఆ నమోదు ఉందో లేదో ముందు కనుక్కోండి.

ప్రతిపాదనలో విద్యార్థుల పారితోషికాన్ని ప్రత్యేక పద్దుగా చూపించండి. రంగులకు, బ్యానర్లకు, ముఖ్య అతిథి శాలువాకు డబ్బు ఉండి, పని చేసిన పిల్లలకు ధ్రువపత్రం మాత్రమే ఇచ్చే ప్రాజెక్టు ఎవరి కెరీర్‌నూ మొదలుపెట్టదు. కంపెనీలు ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి కార్యాచరణ ప్రణాళిక వేసుకుంటాయి. ఆలోగానే మీ కాగితం వారి బల్ల మీద ఉండాలి.