ఇయర్‌ఫోన్స్‌లో మ్యూజిక్ వస్తోంది, గొంతు రావట్లేదా? కొత్తవి కొనేముందు ఈ టెస్టులు చేయండి

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న మా రూమ్‌మేట్ మొన్న రాత్రి తన ఇయర్‌ఫోన్స్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అన్నా, క్లాస్ వీడియోల సార్ గొంతే వినపడ్తలేదు. పాట పెడితే మాత్రం మ్యూజిక్ మస్తు వస్తుంది. ఇవి ఖరాబైనట్టే, కొత్తవి ఆర్డర్ పెడ్తున్నా" అన్నాడు. చూస్తే వాల్యూమ్ ఫుల్‌లో ఉంది. రెండు వారాలుగా అలాగే వింటున్నాడట.

ఇయర్‌ఫోన్స్‌కి ఏమీ కాలేదు. పది నిమిషాల్లో సెట్ అయింది. ఎలాగో చూద్దాం.

ముందు మార్చి చూడండి

తప్పు ఎక్కడుందో తెలియకుండా ఏదీ కొనొద్దు.

1. అవే ఇయర్‌ఫోన్స్ ఇంకో ఫోన్‌లో పెట్టండి. అక్కడ బాగా వినిపిస్తే తప్పు మీ ఫోన్‌దే.
2. ఇంకొకరి ఇయర్‌ఫోన్స్ మీ ఫోన్‌లో పెట్టండి. బాగుంటే మీ ఇయర్‌ఫోన్స్ లేదా వాటి వైరు మీద అనుమానం.
3. రెండింటితోనూ సౌండ్ పాడుగానే ఉంటే వేరే పాట, వేరే యాప్ ట్రై చేయండి. రికార్డింగే బాగోలేకపోవచ్చు.

మావాడి ఇయర్‌ఫోన్స్ నా ఫోన్‌లో బ్రహ్మాండంగా పనిచేశాయి. అంటే తప్పు వాడి ఫోన్ జాక్‌లో ఉంది.

గొంతు ఒక్కటే ఎందుకు మాయమైంది?

మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ 3.5 ఎంఎం పిన్ను మీద మూడు గీతలుంటాయి. అవి పిన్నుని నాలుగు భాగాలు చేస్తాయి: ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్. ఎడమ, కుడి స్పీకర్లు రెండింటికీ గ్రౌండ్ ఒక్కటే. అది సరిగ్గా తగలకపోతే కరెంటు ఒక స్పీకర్‌లోంచి రెండో స్పీకర్‌లోకి వెళ్తుంది. అప్పుడు మనకి వినపడేది ఎడమ, కుడి సిగ్నళ్ల మధ్య తేడా మాత్రమే.

సినిమా పాటల్లో సింగర్ గొంతుని సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంచుతారు. సమానమైనవి తీసివేస్తే సున్నాయే కదా! రెండు వైపులా తేడాగా ఉండే కోరస్, ఎకో, కొన్ని వాయిద్యాలు మాత్రం మిగులుతాయి. క్లాస్ వీడియోలో ఒకే మైక్ సౌండ్ రెండు చెవులకీ వస్తుంది కాబట్టి సార్ దాదాపు మొత్తం మాయం!

అనుమానం తీరాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. పాట మొత్తం దాదాపు ఆగిపోతే సమస్య గ్రౌండ్‌దే.

ఫోన్ ఆఫ్ చేసి, ఇంకో ఫోన్ టార్చ్‌తో జాక్‌లోకి చూశాం. జేబులోని నూలు పోగులు, దుమ్ము కలిసి అడుగున గట్టిపడ్డాయి. పిన్ను చివరిదాకా దిగట్లేదు. చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీసేశాం. పిన్నీసు, సూది వాడొద్దు, లోపలి కాంటాక్టులు వంగిపోతాయి. మళ్లీ పెట్టేముందు వాల్యూమ్ తగ్గించడం మర్చిపోకండి. లేదంటే పూర్తి సౌండ్ ఒక్కసారిగా చెవిలో పడుతుంది.

ఒకవేళ ఏ ఫోన్‌లో పెట్టినా వైరు కదిపితే గొంతు వచ్చిపోతుంటే, పిన్ను దగ్గర వైరు తెగుతోందని అర్థం. కొత్త పిన్ను సోల్డర్ చేయించుకోవచ్చు.

బ్లూటూత్ అయితే

మీటింగ్‌లో సౌండ్ పాత ల్యాండ్‌లైన్‌లా మారితే: హెడ్‌సెట్ మైక్ ఆన్ అవగానే బ్లూటూత్ సాధారణంగా కాల్ మోడ్‌లోకి మారుతుంది, క్వాలిటీ పడిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ క్లాస్ వింటుంటే మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌నే సెలెక్ట్ చేయండి.

నారాయణగూడ మెట్రో స్టేషన్ లాంటి రద్దీ చోట్ల తెగిపోతుంటే: బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. చాలా వైఫైలదీ అదే దారి. పైగా మన ఒంట్లోని నీరు ఆ సిగ్నల్‌ని పీల్చేస్తుంది. ఫోన్‌ని వెనక జేబులోంచి తీసి షర్ట్ జేబులో పెట్టి చూడండి. రూమ్‌లో అయితే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ఒక వైపు తక్కువగా వస్తే: జాలీలో గులిమి పట్టిందేమో చూసి, పొడి మెత్తటి బ్రష్‌తో జాలీని కిందికి వంచి తుడవండి. తర్వాత యాక్సెసిబిలిటీలో ఆడియో బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి.

బేస్ లేకపోతే: రబ్బరు టిప్ మీ చెవికి సరిపోవట్లేదేమో. సైజు మార్చండి. గాలి సందు ఉంటే ముందు పోయేది బేసే.

డబ్బు కంటే చెవి ముఖ్యం

సౌండ్ సరిగ్గా రాకపోతే మనం మొదట చేసే పని వాల్యూమ్ పెంచడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడుస్తూ, హారన్ల మధ్య క్లాస్ వినాలని వాల్యూమ్ పెంచితే ఆ లెక్క ఎప్పుడు దాటామో కూడా తెలియదు. రోడ్డు మీద క్లాస్ ఆపేయండి, రీడింగ్ హాల్లో వినండి. ఇయర్‌ఫోన్స్ పోతే కొత్తవి దొరుకుతాయి, పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు.

మావాడు ఇప్పుడు సగం వాల్యూమ్‌లోనే క్లాసులు వింటున్నాడు. కార్ట్‌లో పెట్టిన కొత్త ఇయర్‌ఫోన్స్‌ని ఆ రాత్రే తీసేశాడు.