చర్మం గురించి నాలుగు అపోహలు – నాలుగు నిజాలు



మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల ఇక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. పొద్దస్తమానం చెనక్కాయ చేలల్లో వంగి పనిచేసేవారి చర్మం ఈ ఎండకూ పొడి గాలికీ ఎండిపోతుంది, పగులుతుంది, నల్లబడుతుంది. దానికి తోడు ఇంటింటా ఒక చిట్కా, అంగడిలో ఒక క్రీము. మచ్చతో మా ఓ.పి.కి వచ్చినవారిని "ఎన్నాళ్లయింది?" అని అడిగితే, "సంవత్సరం పైనే అయింది, ఏవేవో పూసినాము" అనేవారు తక్కువ కాదు. ఆ ఆలస్యం కొందరికి తీరని నష్టం తెస్తుంది. అందుకే ఈ నాలుగు విషయాలు తెలుసుకుందాము.

అపోహ 1: చర్మం పొడిబారితే సబ్బుతో గట్టిగా రుద్ది కడగాలి.

నిజం: చర్మం మీద సహజంగా ఉండే పలుచని జిడ్డు పొరే లోపలి తేమను కాపాడుతుంది. సబ్బు ఎక్కువైనా, నీళ్లు మరీ వేడిగా ఉన్నా ఆ పొర పోతుంది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు కొద్దిగా తడిగా ఉండగానే కొబ్బరినూనె గాని వాసలీను గాని రాసుకోండి. పాదాల పగుళ్లకు రాత్రి నీళ్లలో కాసేపు నానబెట్టి, తుడిచి, వాసలీను రాసి పడుకోండి. ఖరీదైన క్రీము అవసరం లేదు.

అపోహ 2: నల్లని చర్మాన్ని తెల్లగా మార్చుకోవాలి.

నిజం: నలుపు రోగం కాదు. మెలనిన్ అనే రంగు పదార్థం ఎండ దెబ్బ నుండి చర్మాన్ని కాపాడుతుంది. మన దేశంలో 1975 నుండి అమ్ముడైన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము కూడా, రంగును బట్టి మనిషిని అంచనా వేయడంపై విమర్శలు పెరిగాక, 2020లో పేరు మార్చుకొని గ్లో అండ్ లవ్లీ అయింది. పేరూ వివరాలూ లేని తెల్లబరిచే క్రీములు అసలే కొనవద్దు. అలాంటి కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. నిమ్మరసం పూసుకొని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లమచ్చలు పడవచ్చు. నెత్తిన తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, ఇవే మనకు మంచి రక్షణ.

అపోహ 3: దురదను వెంటనే తగ్గించేదే మంచి మందు.

నిజం: తామర ఒక రకం బూజు వల్ల వస్తుంది. బీటామెథజోన్, క్లోబెటజాల్ వంటి స్టెరాయిడ్ పూతమందు రాస్తే రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. బూజు మాత్రం చావదు, లోలోపల పాకుతుంది. మానగానే రెట్టింపుగా తిరిగి వస్తుంది. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు వస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి అనేక పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన చేసింది. చాలాకాలంగా వాడుతున్నవారు డాక్టరు సలహాతో మానండి. తామర ఉన్నవారి తువ్వాలు, బట్టలు వేరుగా ఉతికి ఎండలో ఆరవేయండి.

అపోహ 4: నొప్పీ దురదా లేని మచ్చకు డాక్టరు ఎందుకు?

నిజం: అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇలాంటి మచ్చపైనే. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి గాని ఎర్రగా గాని ఉండి, స్పర్శ తెలియని మచ్చ కుష్ఠువ్యాధి కావచ్చు. పాలు, చేపలు కలిపి తింటే వస్తుందని చెప్పుకునే బొల్లి వేరు. ఆ తిండికీ బొల్లికీ సంబంధం లేదు. బొల్లి మచ్చ పూర్తిగా తెల్లగా ఉంటుంది, స్పర్శ ఉంటుంది, అంటుకోదు.

కుష్ఠు శాపం కాదు. బైబిలులోని ఆ మాట బట్టలకూ ఇంటి గోడలకూ పట్టే పొడను కూడా చెబుతుంది కనుక, దానిని నేటి ఈ వ్యాధితో ఒక్కటి చేసి రోగిని దూరం పెట్టరాదు. ఇది 1873లో హాన్సెన్ కనుగొన్న క్రిమి వల్ల వచ్చే జబ్బు. 2005 డిసెంబరులో మన దేశంలో ఇది ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రకటించారు గాని, కొత్త రోగులు ఇంకా వస్తూనే ఉన్నారు. బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. 6 నెలలు లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. కాని ఆలస్యమైతే దెబ్బతిన్న నరాలు మళ్లీ బాగుపడకపోవచ్చు. వేళ్లు వంకరపోతాయి, కాలిన గాయం కూడా తెలియదు.

ఇంటిలో ఇలా చూడండి: కళ్లు మూయించి, దూదితో మచ్చపైన, పక్కన మెల్లగా తాకి, ఎక్కడ తాకామో చూపమనండి. సూదితో పొడవవద్దు. ముఖం మీది మచ్చకు స్పర్శ ఉన్నా వ్యాధి ఉండవచ్చు. కనుక అనుమానమున్న ఏ మచ్చనైనా ఆసుపత్రిలో చూపించండి, లేదా మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి.

గుర్తుంచుకోండి: చర్మానికి రంగు కంటే తేమ ముఖ్యం, తేమ కంటే స్పర్శ ముఖ్యం. మచ్చ కనిపిస్తే ముందు తాకి చూడండి, తరువాతే ఏదైనా పూయండి.