తాత మొదటి పెళ్లి జాడ

ప్రశ్న: మరమగ్గాల పనికి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన మా తాతకు ఊళ్లో అంతకుముందే ఒక పెళ్లయిందంటారు. ఎలా తేల్చుకోవాలి?
- ఓ పాఠకుడు, ఆల్థాన్, సూరత్

జవాబు: పెళ్లి సర్టిఫికెట్ కోసం తిరగకండి. ఆ రోజుల్లో ఊళ్లలో అది రాయించుకున్నవాళ్లు అరుదు. చట్టం సంగతికొస్తే, అప్పట్లో సూరత్ ఉన్న బొంబాయి ప్రావిన్స్‌లో భార్య ఉండగా హిందువు రెండో పెళ్లి చేసుకోవడాన్ని 1946లోనే నిషేధించారు. హైదరాబాద్ రాజ్యంలోని సిరిసిల్లకు ఆ నిషేధం 1955 హిందూ వివాహ చట్టంతోనే వచ్చింది. అంటే 1955కి ముందు ఊళ్లోనే అయితే, మొదటి భార్య ఉండగానే మీ నాయనమ్మను చేసుకుని ఉండొచ్చు. అప్పటికది నేరం కాదు.

ఊళ్లో భూమి ఉంటే పని సులువు. అక్కడి తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (భూమి రికార్డు)లో ముత్తాత పేరు పట్టుకోండి. ఆ సర్వే నంబరు మీద విరాసత్ (వారసత్వ నమోదు) ఫైలు ఉంటే నకలు తీయించండి. తాత తర్వాతి వారసుల్లో మీరెరగని పేరుంటే, ఆ మనిషి తల్లి ఎవరో ఊళ్లో వాకబు చేయండి. అసలు ముందుగా, మీ ఇంటి ముసలమ్మలతో ఈ వారమే మాట్లాడండి.