గడువు గల లంకె

గత సంవత్సరము మా పాఠశాల బాలిక యొకతె తెలుగు వ్యాకరణ పాఠములకై ఒక సంస్థకు రుసుము చెల్లించెను. ఆ దృశ్యపాఠముల లంకెలు తండ్రి ఫోనునకు సందేశముగా వచ్చినవి. ఆయన పనిమీద పొరుగూరికి వెళ్ళి తొమ్మిదవనాడు తిరిగివచ్చెను. బాలిక లంకెను తాకగా ప్రవేశము లేదను మాట మాత్రమే కనబడెను. సొమ్ము చెల్లించినవారికి తలుపెట్లు మూసికొనెనని ఆమె నన్నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ పాఠమును వ్రాయుచున్నాను.

దృశ్యపాఠములు పెద్ద ఫైళ్ళు. వానిని ఒక్క సర్వరునుండియే దేశమంతటికి పంపినచో ఆలస్యమగును. కావున సంస్థలు సీడీఎన్ అనబడు పంపిణీ జాలము నాశ్రయించును. మూలప్రతి ముంబయిలో నున్నను, దాని నకళ్ళు బెంగుళూరు, చెన్నై మొదలగు నగరములలోని కేంద్రములందు నిలువయుండి, చూచువానికి దగ్గరి కేంద్రమునుండి అందును. అమెజాన్ వారి క్లౌడ్‌ఫ్రంట్ ఇట్టిది, 2008లో ఆరంభమైనది. చిక్కెక్కడ ననగా, రుసుము పట్టీ సంస్థ యొద్ద నుండును. పాఠము నందించు కేంద్రమునకు ఎవరు చెల్లించిరో, ఎవరు చెల్లించలేదో తెలియదు.

విద్యార్థులారా, ప్రధానోపాధ్యాయుని సంతకము గల బస్సు పాసును తలచుకొనుడు. కండక్టరు బాలుని ఎరుగడు, మన హాజరుపట్టీని చూడడు. సంతకమును, తేదీని చూచి కూర్చుండనిచ్చును. సంతకపు లంకెయు నిట్టిదే. క్లౌడ్‌ఫ్రంట్ పద్ధతిలో సామాన్యమైన సంతకపు లంకె చివర గడువును, సంతకమును, ఏ తాళపుచెవితో సంతకము చేయబడెనో తెలుపు గుర్తును చేర్తురు. గడువును గ్రీనిచ్ కాలమానము ప్రకారము 1970 జనవరి 1 మొదలు గడచిన సెకనుల సంఖ్యగా వ్రాయుదురు. 1893456000 అనగా 2030 జనవరి 1, మన గడియారములలో ఉదయము 5 గంటల 30 నిమిషములు. (21,915 దినములను 86,400 చేత గుణించి మీరే సరిచూచుకొనుడు. లీపు సంవత్సరములను మరువకుడు.)

ఈ సంతకము చేవ్రాలు కాదు, గణితము. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్మన్ అను మువ్వురు రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ విధానమున తాళపుచెవులు రెండు. రహస్యమైనది సంస్థ యొద్దనే యుండును. దానితో ఫైలు చిరునామాకు, గడువునకు కలిపి సంతకము చేయుదురు. బహిరంగమైనది పంపిణీ కేంద్రముల కిత్తురు. దానితో సంతకమును సరిచూడవచ్చును గాని క్రొత్తది చేయజాలము. గడువులో ఒక్క అంకెను దిద్దినను సంతకము పొసగదు. కేంద్రము 403 అను సంఖ్యతో త్రిప్పిపంపును. బస్సు పాసుపై తేదీ దిద్దిన చతురులను నేనెరుగుదును. ఇచ్చట ఆ చాతుర్యము చెల్లదు.

ఇంత చేసియు, మూలప్రతి యున్న సర్వరు అడిగినవారికెల్ల నేరుగా ఫైలు నిచ్చినచో, ముందు వాకిలికి తాళమువేసి పెరటి తలుపు తెరచియుంచినట్లే. మూలము పంపిణీ జాలమునకు మాత్రమే బదులు పలుకవలెను.

గడువెంత యుండవలెను? సామాన్యమైన సంతకపు లంకెపై పేరుండదు. గడువులోపల ఎవరిచేత నున్నను పనిచేయును. గడువు దీర్ఘమైనచో ఒకరు చెల్లింప నూర్గురు చూతురు. హ్రస్వమైనచో నెమ్మదైన నెట్‌వర్కు గల పల్లెవారికి కష్టము. కేంద్రము గడువును చూచునది అడిగిన క్షణముననే. మొదలైన దిగుమతి గడువు దాటినను సాగును గాని, నడుమ తెగి మరల అడిగినచో నిరాకరింపబడును. పెక్కు ముక్కలుగా వచ్చు దృశ్యములకు లంకెకు బదులు సంతకపు కుకీల నిచ్చుట మేలు.

మా బాలిక విషయమున గడువు ఏడుదినములు. నా యభిప్రాయమున దోషము ఆ ఏడులో లేదు. రుసుము గడువు వేరు, లంకె గడువు వేరు. లంకెను సందేశములో పంపక, విద్యార్థి తన ఖాతా తెరచి మీట నొక్కినప్పుడెల్ల పట్టీని చూచి, కొన్ని గంటల గడువుతో క్రొత్త లంకె నీయవలెను. అప్పుడు ఏడాదికి చెల్లించినవారికి ఏడాదియంతయు పాఠమందును, పొరుగువారికి చేరిన లంకె ఆ సాయంకాలమే చచ్చును.

ఈ మాటయే వ్రాసి పంపితిమి. వారు మన్నించి క్రొత్త లంకెల నిచ్చిరి. వానికిని గడువు ఏడుదినములే. ఈ మారు తండ్రి ఊరు విడువలేదు. బాలిక నాలుగు రాత్రులలో సంధి ప్రకరణమంతయు పూర్తిచేసెను.